పండగ ఇంకా రాలేదుగా, అడగండి

ఏటా డిసెంబరు సంచిక దగ్గరకొచ్చేసరికి ప్రశ్నలు రెండు రకాలుగా వస్తాయి. వాదనలో గెలవడానికి అడిగేవి కొన్ని, రాత్రి నిద్ర పట్టక రాసేవి కొన్ని. మొదటి రకానికి గబగబా జవాబు చెప్పేసి రెండో రకం దగ్గర తీరిగ్గా కూర్చుందామనుకున్నాను గానీ డిసెంబరు 25 గురించి అడిగేవాళ్లు అంత తేలిగ్గా వదిలేలా లేరు. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: అయ్యగారూ, పెళ్లయ్యాక అత్తగారి సంఘానికి వెళ్తున్నాను. అక్కడ క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు, ఆగమన కాలం అంటారు. నేను పెరిగిన సంఘంలో ఇవేమీ లేవు, డిసెంబరు ఒకటో తారీఖునుంచే క్రిస్మస్ పాటలు పాడేసేవాళ్లం. ఇది బైబిల్లో ఉందా? మూడో కొవ్వొత్తి ఒక్కటే గులాబీ రంగులో ఎందుకుంటుంది?

జవాబు: కొవ్వొత్తులు బైబిల్లో లేవమ్మా. ఎదురుచూడటం మాత్రం ఉంది, ప్రకటన గ్రంథం చివరి పేజీలో "ప్రభువైన యేసూ, రమ్ము" అనేదాకా ఉంది. నవంబరు 30కి ఏ ఆదివారం దగ్గరగా ఉంటే ఆ రోజు ఆగమన కాలం మొదలవుతుంది, అంటే నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందుకే ఒక్కో ఏడాది 28 రోజులుంటుంది, ఒక్కో ఏడాది 22 రోజులతోనే సరిపెట్టుకోవాలి. ఇది పశ్చిమ సంఘాల (కాథలిక్, ప్రొటెస్టెంట్) లెక్క. ఆర్థడాక్స్ సంఘాలవాళ్లు 40 రోజులు ఉపవాసం ఉంటారు, వాళ్ల ముందు మన నాలుగు వారాలు చిన్నవే.

కొవ్వొత్తుల చక్రం పెద్ద పాతదేమీ కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు పేద పిల్లల ఆశ్రమం నడిపేవాడు. పిల్లలు రోజూ క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని ప్రాణం తీస్తుంటే ఒక పాత బండి చక్రానికి మామూలు రోజులకి చిన్న కొవ్వొత్తులు, ఆదివారాలకి నాలుగు పెద్దవి పెట్టి రోజుకొకటి వెలిగించాడట. కాథలిక్ గుడుల్లోకి అది ఆ తర్వాతే వచ్చింది. గులాబీ రంగు సంగతేమిటంటే, మిగతా మూడింటిదీ ఊదా రంగు, అది పశ్చాత్తాపానికి గుర్తు, మూడో ఆదివారం మాత్రం "ప్రభువునందు ఎల్లప్పుడు ఆనందించుడి" అనే ఫిలిప్పీ పత్రిక మాటతో కొంచెం ఊపిరి పీల్చుకోనిస్తారు, అందుకని ఆ ఒక్కటి గులాబీ.

మీ అత్తగారి సంఘంలో ఒకటి గమనించండి. మొదటి ఆదివారం పశువుల తొట్టి గురించి చదవరు. ప్రభువు మళ్లీ వచ్చే రోజు గురించి, మెలకువగా ఉండమనే భాగం చదువుతారు. రెండు, మూడు ఆదివారాలు బాప్తిస్మమిచ్చే యోహాను వంతు. మరియ, యోసేపు నాలుగో వారానికి గానీ రారు. మీరు పెరిగిన సంఘంలో ఒకటో తారీఖునుంచే పాటలు పాడటం తప్పేమీ కాదు, కాకపోతే 25 వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు, పండగ మొదలయ్యే రోజునే పండగ అయిపోతుంది. నన్నడిగితే అత్తగారి పద్ధతే బాగుంది. (ఈ ముక్క అత్తగారికి చూపించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.)

ప్రశ్న: బ్రదర్, నా ఫ్రెండ్ ఒకడు వీడియోల మీద వీడియోలు పంపిస్తున్నాడు. క్రిస్మస్ అసలు అన్యుల సూర్యుడి పండగ అనీ, డిసెంబరు 25 బైబిల్లో లేదనీ, చెట్టు పెట్టడం యిర్మీయా 10వ అధ్యాయంలో నిషేధమనీ వాటిల్లో చెప్తున్నారు. ఇంట్లో అమ్మ చెట్టు పెట్టేసింది. నాకు టెన్షన్‌గా ఉంది. తీసేయమని చెప్పనా?

జవాబు: ముందు అమ్మ చెట్టు జోలికి వెళ్లకు. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

డిసెంబరు 25 బైబిల్లో లేదు, నిజం. ఏ తేదీ లేదు. ఆ తేదీ మనకి రాతలో మొదట కనిపించేది రోములో 354లో తయారైన ఒక పంచాంగంలాంటి పుస్తకంలో. అందులోని ఒక జాబితా, అది 336 నాటిదని పండితులు లెక్కగట్టారు, డిసెంబరు 25న క్రీస్తు యూదయలోని బేత్లెహేములో పుట్టాడని రాస్తుంది. నీ ఫ్రెండ్ పంపే వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. సూర్యుడి పండగ డిసెంబరు 25న అని స్పష్టంగా కనిపించే మొట్టమొదటి రాత కూడా అదే పుస్తకం! ఔరేలియన్ చక్రవర్తి 274లో రోములో సూర్యుడికి గుడి కట్టించిన మాట వాస్తవమే. అంతమాత్రాన క్రైస్తవులు ఆ పండగని ఎత్తుకొచ్చి పేరు మార్చారని చెప్పడానికి ఆధారం చాలదు. చరిత్రకారుల్లో అలా అనేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు.

కాదనేవాళ్లు చెప్పే లెక్క ఇంకోటి ఉంది. ప్రభువు సిలువ మీద చనిపోయింది మార్చి 25న అని తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను కాలంనుంచే, అంటే 200 ప్రాంతంనుంచే కొందరు నమ్మేవాళ్లు. ఆయన తల్లి గర్భంలో పడింది కూడా అదే రోజని ఒక నమ్మకం, బిషప్ అగస్టీను ఆ మాట రాసిపెట్టాడు కూడా. మార్చి 25కి తొమ్మిది నెలలు కలిపితే ఎక్కడికొస్తుందో నువ్వే చూసుకో. ఈ లెక్క నిజమైన పుట్టిన రోజు చెప్తుందని నేననడం లేదు, సూర్యుడి పండగతో పని లేకుండా కూడా ఆ తేదీ దాకా రావచ్చని అంటున్నాను. 386 ప్రాంతంలో అంతియొకయ పట్టణంలో యోహాను క్రిసోస్తొము అనే పేరుమోసిన ప్రసంగీకుడు మాట్లాడుతూ, ఈ పండగ మన దగ్గరికి వచ్చి ఇంకా పదేళ్లు కూడా కాలేదని ఒప్పుకున్నాడు. అప్పుడే వచ్చిన పండగని అప్పుడే వచ్చిందని చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు, మనకెందుకు? ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6నే చేసుకుంటుంది. పాత జూలియన్ క్యాలెండరు వాడే ఆర్థడాక్స్ సంఘాలకి 13 రోజుల తేడా వల్ల జనవరి 7 వస్తుంది. వాళ్లు కొలిచే బిడ్డ వేరే బిడ్డ కాదుగా.

ఇక యిర్మీయా 10. ఆ అధ్యాయం మొదటి అయిదు వచనాలు ఒకసారి బైబిలు తీసి చదువు, వీడియోలో కాదు. అడవిలో చెట్టు నరుకుతారు, పనివాడు దాన్ని చెక్కుతాడు, వెండి బంగారాలతో అలంకరించి కదలకుండా మేకులు కొడతారు, అది మాట్లాడలేదు, నడవలేదు, దానికి భయపడకండి అంటాడు ప్రవక్త. చెక్కి, దానికి మొక్కే ప్రతిమ గురించి చెప్తున్నాడక్కడ. క్రిస్మస్ చెట్టు జర్మనీలో కనిపించేది 16వ శతాబ్దంలో, యిర్మీయా తర్వాత రెండు వేల ఏళ్లకి. మీ అమ్మ ఆ చెట్టుకి సాష్టాంగపడుతుంటే మళ్లీ రాయి, అప్పుడు ఆలోచిద్దాం.

నీ ఫ్రెండ్‌ని వెక్కిరించొద్దు. క్రిస్మస్ చేయకూడదని నమ్మిన భక్తిపరులు చరిత్రలో ఉన్నారు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు అనే నిష్ఠగల ప్రొటెస్టెంట్లు 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో ఎత్తేశారు. అతను పండగ చేయకపోతే చేయకుండా ఉండనీ. రోమా 14లో పౌలు ఒకడు ఒక రోజుని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజుల్నీ సమానంగా ఎంచుతాడు అని చెప్పి "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢి పరచుకొనవలెను" అన్నాడు. తనమట్టుకు తానే, అంటే ఎదుటివాడి ఫోనుకి రోజూ వీడియోలు పంపి కాదు. జరిమానా పెట్టీ కాదు.

ప్రశ్న: సండే స్కూల్ టీచర్ని. పిల్లల నాటకంలో సత్రం యజమాని పాత్ర ఒక బాబుకి ఇచ్చాను. రిహార్సల్‌కి వచ్చిన సంఘ పెద్ద ఒకాయన "బైబిల్లో సత్రం యజమాని లేడు, ముగ్గురు రాజులూ లేరు, వాక్యానికి ఏదీ కలపకూడదు" అని అందరి ముందూ అనేశారు. బాబు ఏడ్చాడు. ఇప్పుడు ఏం చేయను?

జవాబు: పెద్దాయన చెప్పిన విషయం కరెక్టే. లూకా రాసింది సత్రంలో వాళ్లకి స్థలం లేదని మాత్రమే, తలుపు తీసి లేదు పొమ్మన్న మనిషి లేడు. మరియ గాడిదెక్కి వచ్చిందని లేదు. తూర్పు జ్ఞానులు ఎంతమందో మత్తయి చెప్పలేదు, కానుకలు మూడున్నాయని మనుషుల్నీ మూడు చేశాం. వాళ్లొచ్చింది పశువుల తొట్టి దగ్గరికి కాదు, ఇంటికి. హేరోదు రాజు రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపించాడంటే వాళ్లు వచ్చేసరికి కొంత కాలం గడిచిందనే అనుకోవాలి. ఎద్దు, గాడిద కూడా సువార్తల్లో లేవు, ఎద్దు తన కామందుని ఎరుగును, గాడిద తన సొంతవాని దొడ్డి తెలిసికొనును అనే యెషయా మొదటి అధ్యాయం మాటలోంచి నడిచొచ్చాయి అవి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ నిజం గాడిదనీ తెచ్చి గడ్డి వేసి క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపాడు, మీ నాటకానికి ముత్తాత అనుకోండి దాన్ని.

బాబు పాత్ర తీయకండి. ఒక పని చేయండి, నాటకం మధ్యమధ్యలో ఒక పెద్దమ్మాయి చేత లూకా రెండో అధ్యాయం ఉన్నదున్నట్టు చదివించండి, ఏది వాక్యమో ఏది నాటకమో పిల్లలకే తెలిసిపోతుంది. వీలైతే చదివే పని ఆ పెద్దాయనకే అప్పజెప్పండి, తిట్టే తీరిక ఉండదు. ఇంకొక్క మాట, గొర్రెల కాపరుల సీను అవగానే జ్ఞానులు వచ్చి దండాలు పెట్టి తెర వేసేస్తారు చాలా నాటకాల్లో. హేరోదుని మాత్రం తీసేయకండి. ఆ రాజు లేకపోతే ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకి ఎందుకు పారిపోయిందో పిల్లలకి ఎప్పటికీ అర్థం కాదు, ఈ కథంతా ఒక చక్కని బొమ్మలాగే మిగిలిపోతుంది.

ప్రశ్న: అయ్యగారూ, ఈ ఏడాది మా ఆయన పోయారు. క్రిస్మస్‌కి గుడికి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. వెళ్లకపోతే పిల్లలు బాధపడతారు. పోయిన ఆదివారం పాట మధ్యలో ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ "పండగ నెలలో ఏడవకూడదమ్మా, ఆయన ప్రభువు దగ్గరే ఉన్నారు కదా, నీ సాక్ష్యం పాడవుతుంది" అన్నారు. నా విశ్వాసం తక్కువైందా?

జవాబు: లేదమ్మా. మీ పక్కన కూర్చున్నావిడ మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ ఆమె అన్నది తప్పు.

క్రిస్మస్ కథ మొత్తంలో ఏడవొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. భయపడవద్దని దూత చాలాసార్లు చెప్పాడు, ఏడవొద్దని ఒక్కసారి కూడా చెప్పలేదు. బేత్లెహేములో పిల్లలు చనిపోయినప్పుడు మత్తయి ఏం రాశాడో చూడండి. దేవుని చిత్తం అని సర్ది చెప్పలేదు, మంచి చోటికే వెళ్లారని అనలేదు. యిర్మీయా మాట ఎత్తి రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని రాసి అక్కడ వదిలేశాడు. ఓదార్చబోతే వద్దన్న తల్లిని సువార్తలో అలాగే ఉండనిచ్చాడు, సరిదిద్దలేదు. సంఘం కూడా ఆ పిల్లల్ని క్యాలెండరులోంచి తీసేయలేదు, డిసెంబరు 28 వాళ్ల రోజు, పండగైన మూడో రోజే. దానికి రెండు రోజుల ముందు, 26న, యేసుని నమ్మినందుకు జనం రాళ్లతో కొట్టి చంపిన స్తెఫను రోజు. పండగ మధ్యలో చావుకి చోటుందని పాతవాళ్లకి తెలుసు. మనమే మర్చిపోయాం.

లూకా రెండో అధ్యాయంలో ఒక వితంతువు ఉంది, మీకు తెలిసే ఉంటుంది, కానీ ఆమె గురించి ప్రసంగాల్లో పెద్దగా చెప్పరు. ఆమె పేరు అన్న. ఫనూయేలు కూతురు, ఆషేరు గోత్రికురాలు. ఏడేళ్లే కాపురం చేసింది. మన బైబిల్లో ఉన్న ప్రకారం ఎనభై నాలుగేళ్లు విధవరాలిగా ఉంది. బిడ్డని దేవాలయానికి తెచ్చిన రోజున అక్కడున్న అంతమందిలో ఆయన్ని గుర్తుపట్టింది ఇద్దరే, ఒక ముసలాయన, ఈవిడ. ఆమె దుఃఖం తీరిపోయిందని లూకా రాయలేదు. కాపురం చేసిన ఏడేళ్లు మాత్రం లెక్కపెట్టి రాశాడు, అన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ ఏడేళ్లు ఆమె పేరు పక్కన ఉన్నాయి. మీరు ఆయనతో గడిపిన ఏళ్లు కూడా ఎవరో లెక్కపెట్టి ఉంచారని నేను నమ్ముతాను.

అదే రోజు ఆ ముసలాయన సుమెయోను బిడ్డని చేతుల్లోకి తీసుకుని పాడిన పాట మనకి తెలుసు. ఆ తర్వాత మరియవైపు తిరిగి అన్నమాట పండగ కార్డుల మీద ఎవరూ వేయరు, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుంది అన్నాడు. పసిబిడ్డ ఉన్న తల్లితో! ఆ మాట విన్నాక కూడా ఆమె ఇంటికి వెళ్లి బిడ్డని పెంచింది. ఆమె సాక్ష్యం పాడవలేదు.

ఇక ఈ డిసెంబరు ఎలా గడవాలో చెప్తాను, ఇదంతా మీ ఇష్టం, ఆజ్ఞ కాదు. ఆగమన కాలపు ఆదివారాలకి వెళ్లండి, అవి మీలాంటివాళ్ల కోసం పెట్టినవే, "నా జనులను ఓదార్చుడి, ఓదార్చుడి" అనే యెషయా భాగం ఆ వారాల్లోనే చదువుతారు. పండగ రోజు ఆరాధనకి వెళ్లాలనిపిస్తే చివరి బెంచీలో, తలుపు దగ్గర కూర్చోండి. చివరి పాట మొదలవగానే లేచి వచ్చేయండి. నిజానికి కష్టమంతా ఆరాధనలో ఉండదు, అయ్యాక గుమ్మం దగ్గర ఉంటుంది, ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పట్టుకుని "హ్యాపీ క్రిస్మస్ అమ్మా" అని ఒక్క క్షణం ఆగి, ముఖం మార్చి, "ఎలా ఉన్నావ్" అంటారు చూడండి, అదీ కష్టం. దాన్ని ఈ ఏడాదికి తప్పించుకోవచ్చు, పాపం కాదు. మీ పెద్ద బిడ్డకి ముందే చెప్పి పెట్టండి, నేను తొందరగా బయటికొస్తాను, నువ్వు తమ్ముణ్ణో చెల్లినో తీసుకుని నెమ్మదిగా రా అని. పిల్లల ముందు నవ్వుతూ తిరగాలని బలవంతం చేసుకోకండి, వాళ్లూ నాన్నని పోగొట్టుకున్నవాళ్లే, మీరు ఏడిస్తే వాళ్లకి కూడా ఏడవడానికి పర్మిషన్ దొరుకుతుంది. ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు ఆయన పేరు పెట్టి మాట్లాడండి. ఆయన పేరు ఎత్తకుండా గడిపిన పండగ ఇంకా భారంగా ఉంటుంది.

ఈ జవాబు చదివే మిగతావాళ్లకి: ఆవిడ పక్కన కూర్చునే అవకాశం వస్తే ఏమీ మాట్లాడకుండా కూర్చోండి చాలు.

ప్రశ్న: అంకుల్, క్వయర్‌లో ఉన్నాను. డిసెంబరంతా ప్రాక్టీసులు, స్టేజీ డెకరేషన్, యూత్ ప్రోగ్రాం, మధ్యలో పరీక్షలు. ప్రార్థన చేసుకుని ఎన్ని రోజులైందో కూడా గుర్తులేదు. దేవుడి పని చేస్తూనే దేవుడికి దూరమైపోతున్నట్టుంది. మానేస్తే పాస్టర్ గారు ఏమనుకుంటారో.

జవాబు: పాస్టర్ గారు ఏమనుకుంటారో నాకు తెలుసు బాబూ, ఇంకో టెనర్ గొంతువాణ్ణి ఎక్కడ వెతకాలి అనుకుంటారు. వెతుక్కోనీ.

1943 నవంబరులో జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో ఉండి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలు గది ఆగమన కాలాన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తుందన్నాడు. లోపలున్నవాడు ఎదురుచూస్తాడు, ఆశపడతాడు, అదీ ఇదీ ఏదో చేస్తూ ఉంటాడు, కానీ తలుపు బయటనుంచే తెరుచుకోవాలి. హిట్లర్ ప్రభుత్వం అతన్ని 1945 ఏప్రిల్ 9న ఉరితీసింది. అతను అదీ ఇదీ అన్న చోట నీ ప్రాక్టీసులూ డెకరేషనూ పెట్టి చూడు. అవి చెడ్డవి కావు, కానీ వాటితో తలుపు తెరుచుకోదు. ఎవరో వస్తేనే తెరుచుకుంటుంది.

పాట ఒక్కటీ ఉంచుకో, డెకరేషన్, యూత్ ప్రోగ్రాం వదిలేయ్. పరీక్షల సంగతి చెప్పు, అబద్ధం కూడా కాదు. మిగిలిన టైములో ఫోను వేరే గదిలో పెట్టి పది నిమిషాలు ఊరికే కూర్చో. ప్రార్థన మాటలు రాకపోయినా పరవాలేదు, బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా యాజకుడయ్యుండి కూడా ఆ బిడ్డకి పేరు పెట్టేదాకా ఒక్క మాట మాట్లాడలేకపోయాడు, ఆ మౌనం అయ్యాక అతని నోట వచ్చిన కీర్తన సంఘాలు ఇవాళ్టికీ పాడుకుంటున్నాయి.

ప్రశ్న: మాకు పెళ్లై చాలా ఏళ్లైంది, పిల్లలు లేరు. ప్రతి డిసెంబరులో ఎలీసబెతు మీద ప్రసంగం ఉంటుంది. ఆ పేరు రాగానే ముందు వరసల్లోవాళ్లు కూడా తల తిప్పి మమ్మల్ని చూస్తారు. "దేవునికి అసాధ్యం లేదు, వచ్చే క్రిస్మస్‌కి మీ ఒళ్లో బిడ్డ ఉంటుంది" అని ప్రవచనాలు కూడా చెప్పారు. ఆ క్రిస్మస్‌లు వచ్చి వెళ్లిపోయాయి. ఎదురుచూడటం అనే మాట వింటేనే ఒంటికి కారం రాసుకున్నట్టుంది.

జవాబు: మీ ఇద్దరికీ ఆ తలలు తిరగడం గురించి ఎవరూ క్షమాపణ చెప్పి ఉండరు. సంఘం తరఫున నేను చెప్తున్నాను.

వచ్చే క్రిస్మస్‌కి బిడ్డ అని తేదీ వేసి చెప్పే హక్కు ఎవరికీ లేదు. గబ్రియేలు దూత చెప్పాడంటే అతన్ని పంపినవాడు పంపాడు కాబట్టి చెప్పాడు. మైకు చేతిలో ఉన్న ప్రతివాడూ గబ్రియేలు కాడు. ఎలీసబెతు కథ మీకొక హామీ పత్రం అని నేను చెప్పను, అలా చెప్తే నేనూ ఆ మైకు పట్టుకున్నవాళ్లలో ఒకణ్ణే. కానీ ఆ కథలో సాధారణంగా ఎవరూ చదవని వచనాలు రెండు మూడున్నాయి, అవి మీవి.

బిడ్డ సంగతి ఎత్తకముందే లూకా ఎలీసబెతు, ఆమె భర్త జెకర్యా ఇద్దరి గురించి ఒక మాట రాశాడు, ఇద్దరూ దేవుని దృష్టిలో నీతిమంతులు, నిరపరాధులు అని. ఆ తర్వాతే వాళ్లకి పిల్లలు లేరని చెప్పాడు. వరస కావాలనే అలా పెట్టాడని నా ఉద్దేశం, పాపం వల్లే గొడ్రాలైందని గుసగుసలాడేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు మరి. ఇంకోటి, గర్భవతి అయ్యాక ఎలీసబెతు ఏం చేసిందో గమనించారా? సాక్ష్యం చెప్పడానికి పరిగెత్తలేదు. అయిదు నెలలు ఎవరికీ కనబడకుండా ఇంట్లోనే ఉండిపోయింది. మనుషులలో నాకున్న అవమానాన్ని ప్రభువు తీసేశాడు అంది. ఆమెను అవమానించింది దేవుడు కాదు, మనుషులు, అది ఆమెకి బాగా తెలుసు. ఇన్నేళ్లు చూసిన చూపులనుంచి తప్పుకుని ఆ అయిదు నెలలు ఆమె ఊపిరి తీసుకుందేమో అనిపిస్తుంది నాకు. ఇక జెకర్యా సంగతి, "నీ ప్రార్థన వినబడినది" అని దూత చెప్తే నమ్మలేకపోయాడు. ఆ ప్రార్థన ఎప్పుడో మానేసి ఉంటాడు ఆ ముసలాయన. మానేసినవాడి దగ్గరికి కూడా దూత వచ్చాడు, కోప్పడ్డాడు గానీ వెనక్కి పోలేదు.

పైన చెప్పిన అన్న కూడా ఉంది, ఆమెకి బిడ్డలున్నట్టు ఎక్కడా లేదు. లూకా దాన్ని లోటుగా ఎంచలేదు, ఆమెను ప్రవక్త్రి అన్నాడు. ఎదురుచూడటం ఆమెకి కూడా తెలుసు, కానీ ఆమె ఎదురుచూసింది తన ఒళ్లో పడే బిడ్డ కోసం కాదు. మీరూ అలాగే మారిపోవాలని చెప్పడం లేదు. మీకు కావలసింది అడుగుతూనే ఉండండి, అలిసిపోతే కొన్నాళ్లు అడగడం ఆపేయండి, రెండూ విశ్వాసమే.

ఎలీసబెతు ప్రసంగం ఏ ఆదివారమో ముందే కనుక్కుని ఆ రోజు వేరే సంఘానికి వెళ్లండి. లేదా మీ పాస్టర్ గారికి ఈ పేజీ చింపి ఇవ్వండి.

ప్రశ్న: మా పాప శాంటా నిజమేనా అని అడుగుతోంది. ఏం చెప్పాలి?

జవాబు: నిజం చెప్పండి. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మూర అనే ఊళ్లో నికొలాసు అనే బిషప్ ఉండేవాడనీ, ఒక పేద తండ్రి ముగ్గురు కూతుళ్ల పెళ్లికి డబ్బు లేక అల్లాడుతుంటే రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బంగారం విసిరి వెళ్లాడని కథ చెప్పుకుంటారనీ, ఆయన రోజు డిసెంబరు 6 అనీ చెప్పండి. ఆ పేరే తిరిగి తిరిగి శాంటా అయింది. ఆ తర్వాత పాప చేతే ఎవరికైనా రహస్యంగా ఒక కానుక ఇప్పించండి, తనే శాంటా అయితే ఇంక ఆ ప్రశ్న అడగదు.

ప్రశ్న: ఆగమన కాలం పశ్చాత్తాప కాలం అంటున్నారు. నేను తాగను, ఎవరి జోలికీ పోను. ఉపవాసం ఉండాలా? ఇంకొకటి, అన్నయ్య దగ్గర అప్పు తీసుకున్నాను, తిరిగివ్వడం కుదరలేదు, ఇప్పుడు మాటల్లేవు. ఈ ఏడాది వ్యాపారం బాగుంది, కృతజ్ఞతగా గుడికి పెద్ద కానుక ఇద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది బ్రదర్, మీరే రాసి మీరే దాటేశారు.

మేమేం చేయాలి అని జనం వచ్చి అడిగితే బాప్తిస్మమిచ్చే యోహాను ఉపవాసం ఉండమని చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, పన్ను వసూలుచేసే సుంకరులు, తమకి నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదు, సైనికులు ఎవర్నీ బెదిరించకూడదు, జీతంతో తృప్తిపడాలి. అన్నీ డబ్బు, బట్ట, జీతం విషయాలే. అరణ్యంలో మిడతలు తిని బతికిన మనిషి ఇంత లెక్కగా మాట్లాడతాడని ఎవరనుకుంటారు! మత్తయి అయిదులో ప్రభువు కూడా, బలిపీఠం దగ్గర కానుకతో నిలబడ్డప్పుడు సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. మీకు గుర్తొచ్చింది, లేకపోతే ఈ ఉత్తరంలో అన్నయ్య ఎందుకొస్తాడు?

గుడికి అనుకున్న మొత్తం అన్నయ్యకి పంపండి. అప్పు మొత్తానికి చాలకపోతే మిగతాది ఏ నెలలో ఎంతిస్తారో రాసి పంపండి. పండగ రోజు ఫోన్ చేయకండి, ఆ రోజు చుట్టూ జనం ఉంటారు, ఆయన మొహమాటానికి సరే అనేస్తారు, పని జరగదు. ఈ వారమే వెళ్లండి, డబ్బు ముందు చేతిలో పెట్టి ఆ తర్వాత మాట్లాడండి, వడ్డీ ప్రస్తావన వస్తే బేరమాడకండి. ఆయన తలుపు తీయకపోతే వదినగారి చేతికైనా ఇచ్చి రండి. కానుక సంగతి పాస్టర్ గారు అడిగితే వచ్చే ఏడాది ఇస్తానని చెప్పండి.